పాత జీపు పికప్‌కి ఇండికేటర్లు వైరింగ్ చేయడం ఎలా?

పాత మహీంద్రా జీపు పికప్‌లో ఇండికేటర్ వేస్తే వెనక ఎర్రలైటు కూడా దాంతోపాటే మిణుకుమంటోందా? స్విచ్చి మార్చకండి, ఫ్లాషర్ (ఇండికేటర్‌ను వెలిగించి ఆర్పే డబ్బీ) మార్చకండి. ముందు ఎర్తు, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి, చూడండి. నా దగ్గరికి వచ్చే బళ్లలో ఎక్కువ వాటికి ఇదే జబ్బు, అయినా అందరూ రెండు ఫ్లాషర్లు మార్చించాకే వస్తారు.

సామాను: 12 వోల్టుల మూడు కాళ్ల ఫ్లాషర్, స్విచ్చి, 10 ఆంపియర్ల ఫ్యూజు, 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, లగ్గులు (వైరు చివర తొడిగే లోహపు కొసలు), వాటిని వైరు మీద నొక్కి బిగించే క్రింపింగ్ ప్లయరు, మల్టీమీటరు, ఎమరీ పేపరు. యుద్ధకాలం నాటి విల్లీస్ అయితే అది పుట్టుకతో 6 వోల్టులది, 12కి మార్చారో లేదో బ్యాటరీ దగ్గర మీటరు పెట్టి చూసుకోండి.

బ్యాటరీ నెగెటివ్ ఊడదీసి మొదలుపెట్టండి. ఇగ్నిషన్ నుంచి ఫ్యూజు, ఫ్యూజు నుంచి ఫ్లాషర్ బి కాలు. ఎల్ కాలు నుంచి స్విచ్చి మధ్య వైరుకి, అక్కణ్నుంచి ఎడమ బల్బులకు ఒకటి, కుడి బల్బులకు ఒకటి. పి కాలు డాష్‌బోర్డు మీది పైలట్ లైటుకి. ఎడమకు పచ్చ, కుడికి పసుపు, ఎర్తుకి నలుపు, ఇంతే. అన్నింటికీ ఎర్ర వైరే లాగితే రేపు రిపేరు చేసేవాడికి నరకం.

జాయింట్లకు టంకం వద్దు, క్రింపే చేయాలి. టంకం పెట్టిన చోట వైరు బిరుసెక్కి, జీపు అదురుకి సరిగ్గా దాని పక్కనే తెగుతుంది. మెలితిప్పి టేపు చుడతారా, రెండు ఎండాకాలాలకు జిగురు కరిగి టేపు జారిపోతుంది.

ఇక ఎర్తు. ఇక్కడ మాత్రం తొందరపడకండి. 21 వాట్ల బల్బు 1.75 ఆంపియర్లు లాగుతుంది, అదంతా తిరిగి బ్యాటరీకి చేరాలి. పాత బండిలో దానికున్న దారి, లైటు డబ్బాను బాడీకి బిగించిన బోల్టు ఒక్కటే. దాని చుట్టూ నాలుగైదు పూతల పెయింటు, కింద తుప్పు. ఆ దారి మూసుకుపోతే కరెంటు ఊరికే ఆగదు, అదే డబ్బాలోని టెయిల్ బల్బు ఫిలమెంటు గుండా వేరే దారి వెతుక్కుంటుంది. ఎర్రలైటు కొట్టుకునేది అందుకే.

కాబట్టి ప్రతి బల్బు హోల్డరు నుంచీ విడిగా నల్ల వైరు లాగి ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం) దాకా తేవాలి. బాడీకి బిగిస్తే చాలంటారు చాలామంది. చాలదు, బాడీకీ ఛాసిస్‌కీ మధ్య రబ్బరు ప్యాడ్లున్నాయి. ఛాసిస్ మీద రూపాయి బిళ్లంత మేర ఎమరీతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, లగ్గు, పళ్ల వాషరు పెట్టి బోల్టు బిగించండి. గ్రీజు బిగించాకే పైన పూయాలి, ముందు కాదు.

ఇప్పుడు బ్యాటరీ తగిలించి ఇండికేటర్ వేయండి. మీటరు డీసీ వోల్టుల్లో పెట్టి ఒక ముల్లు బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకోటి హోల్డరు ఇత్తడి మీద ఆనించండి. బల్బు వెలిగినప్పుడు 0.2 దాటితే మళ్లీ రుద్దాల్సిందే. రావులపాలెం నుంచి అరటి గెలలు తోలే ఒక పికప్‌లో ఇది 3 చూపించింది. బోల్టు విప్పి చూస్తే వాషరు కింద పాత నీలం పెయింటు గుండ్రంగా, చెక్కుచెదరకుండా ఉంది.

రెండు ఫిలమెంట్ల 21/5 వాట్ల బల్బుకి పిన్నులు ఎగుడుదిగుడుగా ఉంటాయి. బలవంతంగా తిప్పి ఎక్కించారో, బ్రేకు లైటు, టెయిల్ లైటు తారుమారవుతాయి.

ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకోవాలి. ఎల్‌ఈడీ బల్బులు వేస్తే ఫ్లాషర్ కూడా ఎల్‌ఈడీదే వేయండి.

చీకటి పడ్డాక హెడ్‌లైటు, బ్రేకు, ఇండికేటర్ మూడూ ఒకేసారి వేసి వెనక ఒకరిని నిలబెట్టండి. పసుపు మాత్రమే కొట్టుకోవాలి, ఎరుపు కదలకూడదు.