కలగలుపు పార్టుల పాత డోజర్: లక్షణాన్ని బట్టి లోపం పట్టడం

గనుల వేలంలోనో, పాత కాంట్రాక్టర్ల దగ్గరో కొన్న చైన్ డోజర్ వరంగల్ ఆటోనగర్‌కు చేరేసరికి దాంట్లో సామానంతా ఒకే కంపెనీది ఉండటం అరుదు. ఇంజన్ ఒక బండిది, హైడ్రాలిక్ పంపు ఇంకో బండిది, ఎడమ చైన్ మరో బండిది. అందులో తప్పేమీ లేదు. పాత మోడళ్లకు కొత్త పార్టులు దొరకవు, దొరికినా వాటి ధర బండి ధరను మించుతుంది. కొలతలు చూసుకుని కూర్చితే ఇలాంటి బండి చెరువు పూడికతీతలోనూ పొలాల చదునులోనూ ఇంకా చాలా ఏళ్లు పనిచేస్తుంది. అలాంటి ఇనుమును స్క్రాప్‌కు పంపేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇలాంటి బండిలో ఒక పార్టు తనంతట తాను చెడిపోవడం తక్కువ. రెండు బండ్ల పార్టులు కలిసే చోట కొలత కుదరకపోవడమే ఎక్కువ. లక్షణం ఒకచోట కనిపిస్తుంది, మూలం ఇంకోచోట ఉంటుంది. అందుకే పానా పట్టేముందే ఏ పార్టు ఏ బండి నుంచి వచ్చిందో ఒక నోట్‌బుక్‌లో రాయండి. కాస్టింగ్ నంబరు, స్ప్రాకెట్ (చైన్‌ను తిప్పే పళ్ల చక్రం) పళ్ల లెక్క, మర అంగుళాలదా మిల్లీమీటర్లదా, ఏ కేసులో ఏ ఆయిల్ పోస్తున్నారు, ఇవన్నీ అందులో ఉండాలి. పాత ఓనర్‌నో డ్రైవర్‌నో అడిగితే సగం వివరాలు అక్కడే దొరుకుతాయి.

బ్లేడు నిండగానే ఇంజన్ ఆగిపోతోంది

ఖాళీగా తిరిగినంతసేపు ఇంజన్ బాగుంటుంది, ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. బ్లేడు మట్టిలో దిగగానే రేస్ పడిపోయి ఆగుతుంది. బ్లేడు ఎత్తితే రేస్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. దీనికి చాలామంది ఇంజక్టర్లు, ఫిల్టర్లు మార్చుకుంటూ పోతారు. డబ్బు పోతుంది, లోపం పోదు.

బండిలో ఉన్నది లారీ ఇంజన్ అయితే ముందు డీజిల్ పంపు మీది గవర్నర్‌ను అనుమానించండి. లారీ పంపుల్లో చాలావాటికి ఉండే గవర్నర్ రెండే పనులు చేస్తుంది: ఐడిల్‌లో ఇంజన్ ఆగిపోకుండా చూస్తుంది, గరిష్ఠ వేగం దాటకుండా ఆపుతుంది. మధ్యలో డీజిల్ ఎంత వెళ్లాలో డ్రైవర్ కాలే చూసుకుంటుంది. డోజర్‌లో లివర్‌ను ఒకచోట పెట్టి వదిలేస్తాం కదా, లోడ్ పెరిగినప్పుడు డీజిల్ తనంతట తానే పెరగాలి. మైకో (బాష్) పంపు అయితే గవర్నర్ మీది ప్లేటు తుడిచి చదవండి. ఆర్‌క్యూ అని మాత్రమే ఉంటే అది లారీ రకం. ఆర్‌క్యూవీ అనో ఆర్‌ఎస్‌వీ అనో ఉంటే అన్ని వేగాల్లోనూ లోడ్‌ను బట్టి సర్దుకునే రకం.

గవర్నర్ మార్పించి, పంపును టెస్ట్ బెంచ్ మీద సెట్ చేయించడం తప్ప దీనికి వేరే దారి లేదు. పంపు షాపులో ‘ఇది డోజర్‌కు’ అని ముందే చెప్పండి. జనరేటర్ ఇంజన్ గవర్నర్ తెచ్చి పెడితే అది ఒకే వేగానికి సెట్ చేసి ఉంటుంది. ఐడిల్ నుంచి ఫుల్ రేస్ దాకా సాఫీగా పనిచేయాలంటే స్ప్రింగులు, సెట్టింగు మారాలి.

లారీ ఇంజన్‌తో ఇంకో ప్రమాదం ఉంది, ఇది ఇంజన్‌నే తినేస్తుంది. చెరువు కట్ట ఎక్కుతున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి పడిపోయి, చదునుకు రాగానే మళ్లీ లేస్తే గేజ్ తప్పు చూపిస్తోందని వదిలేయకండి. లారీ సంపు (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) రోడ్డు వాలుకు సరిపోయేలా చేసింది. డోజర్ నిటారుగా ఎక్కినప్పుడు ఆయిలంతా ఒక మూలకు పోయి, ఆయిల్ లాగే గొట్టం గాలి పీలుస్తుంది. లోతైన సంపు చేయించి, ఆ గొట్టం నోరు వాలులో కూడా ఆయిల్‌లో మునిగి ఉండేలా మార్చాలి. ఆ పని అయ్యేదాకా బండిని కట్ట ఎక్కించవద్దు.

కప్లింగ్ రబ్బర్లు మాటిమాటికీ తెగుతున్నా, టార్క్ కన్వర్టర్ (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్లకు అందించేది) ముందు సీల్ కారుతున్నా, సీల్ నాణ్యత గురించి ఆలోచించే ముందు అడాప్టర్ ప్లేటు చూడండి. వేరే ఇంజన్ బిగించడానికి లేత్‌లో చేయించిన ఆ ప్లేటు నడిమధ్యకు రాకపోతే ఎన్ని సీళ్లు వేసినా నిలవవు. ఫ్లైవీల్ మీద డయల్ గేజ్ పెట్టి హౌసింగ్ బోరును చుట్టూ తిప్పి కొలవండి. తేడా 0.2 మిల్లీమీటర్ల లోపు ఉంటే మంచిది. సరిచేశాక ప్లేటు కదలకుండా పట్టే డోవెల్ పిన్నులు కొట్టించండి, బోల్టులు మాత్రమే ఆ కొలతను పట్టి ఉంచలేవు.

ఇంజన్ వేడెక్కుతోంది

రామగుండం ప్రాంతంలో మే నెల ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది, ఆ ఎండలో రేడియేటర్‌కు ఏ కొంచెం లోపం ఉన్నా బయటపడుతుంది. మొదటి పరీక్షకు ఒక కాగితం చాలు. ఇంజన్ నడుస్తుండగా దాన్ని ముందు గ్రిల్ దగ్గర పట్టుకోండి. చాలా డోజర్లలో ఫ్యాన్ గాలిని ముందుకు తోస్తుంది, వేడి డ్రైవర్ మీదికి రాకుండా ఉండటానికి. లారీ ఫ్యాన్ వెనక్కి లాగుతుంది, కాగితం గ్రిల్‌కు అతుక్కుంటుంది. అలాంటప్పుడు ఫ్యాన్‌ను తిరగేసి బిగిస్తే గాలి దిశ మారుతుందని కొందరు అనుకుంటారు. మారదు. అదే దిశలో, చాలా తక్కువ గాలి వస్తుంది. తోసే రకం ఫ్యాన్‌నే తెచ్చి పెట్టాలి.

ఫ్యాన్ సరిగానే ఉంటే రేడియేటర్ లోపల చూడండి. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, గొట్టాల్లో తెల్లగా పేరుకుంటుంది. కోర్ విప్పి రాడ్డింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం చేయడం) చేయించి, ఆపై కూలెంట్ కలిపిన డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి.

బండి ఒక పక్కకు లాగుతోంది, చైన్ పళ్లు ఎక్కుతోంది

చదును నేల మీద లివర్లు ముట్టుకోకుండా ముందుకూ వెనక్కీ నడిపించండి. ఖాళీగా ఉన్నా లాగుతుంటే చైన్లలో తేడా ఉండవచ్చు, లేదా ఒక బ్రేకు పట్టుకుని ఉండవచ్చు. బ్రేకు పట్టుకుంటే ఆ వైపు కేసు రెండోదానికంటే బాగా వేడెక్కుతుంది, ఇంజన్ ఆపి చెయ్యి పెడితే తెలుస్తుంది. లోడ్ మీద మాత్రమే లాగుతుంటే ఒక స్టీరింగ్ క్లచ్ (ఒక్కో వైపు చైన్‌కు బలాన్ని కలిపి, విడదీసేది) జారుతోంది. క్లచ్ ప్లేట్లు మార్చే ముందు కేసులో ఏ ఆయిల్ ఉందో చూడండి. తడి క్లచ్ (ఆయిల్‌లో మునిగి పనిచేసే క్లచ్) బండ్లలో ఇంజన్ ఆయిల్ పోయాల్సిన చోట గేర్ కేసు కదా అని 90 నంబరు గేర్ ఆయిల్ పోసి ఉంటే క్లచ్ పట్టడమూ సరిగా ఉండదు, విడవడమూ సరిగా ఉండదు.

చైన్ విషయంలో అంచనాలు పనికిరావు, కొలవాల్సిందే. చైన్‌ను బిగువుగా లాగి ఉంచి, మాస్టర్ పిన్ను (చైన్ రెండు కొనలను కలిపే పిన్ను) తగలని చోట 4 లింకుల పొడవు కొలిచి 4తో భాగించండి, వచ్చేదే పిచ్. రెండు వైపులా ఇలాగే చేయండి. స్ప్రాకెట్ ఒక చుట్టు తిరిగితే బండి ఎంత కదలాలో నిర్ణయించేది ఆ పిచ్చే. ఒక వైపు 216 మిల్లీమీటర్లు, అరిగిన వైపు 219 ఉంటే ప్రతి చుట్టుకూ ఒక శాతానికి మించి తేడా వస్తుంది, బండి పక్కకు పోవడానికి అది చాలు.

కొమట్సు డీ80, క్యాటర్‌పిల్లర్ డీ7జీ చైన్ల పిచ్ రెండూ 216 మిల్లీమీటర్లే, అంటే ఎనిమిదిన్నర అంగుళాలు. అది చూసి ఒకదానిది ఇంకోదానికి వేసేయవద్దు. బుష్ బయటి వ్యాసం, లింకు ఎత్తు, రోలర్ నడిచే వెడల్పు కూడా కలవాలి. కలవకపోతే రోలర్ అంచులు పిన్ను బాస్‌లను (లింకులో పిన్ను కూర్చునే ఉబ్బెత్తు భాగాలను) కొరుకుతాయి. అరిగి మొన తేలిన పళ్ల స్ప్రాకెట్ మీద కొత్త చైన్ వేయడం డబ్బును మట్టిలో పోయడమే. మార్చితే రెండూ కలిపి, రెండు వైపులా మార్చండి. చైన్ అంత పాడవకపోతే పిన్నులు, బుష్‌లు ప్రెస్‌లో తీసి 180 డిగ్రీలు తిప్పించినా ఇంకొంత కాలం నడుస్తుంది.

టెన్షన్ విషయానికొస్తే, ఐడ్లర్‌కూ (చైన్ ముందు కొన చక్రం) పై రోలర్‌కూ మధ్య చైన్ మీద తిన్నని కడ్డీ వేసి చూస్తే నడిమిలో చైన్ దానికంటే 20 నుంచి 30 మిల్లీమీటర్లు కిందికి కుంగి ఉండాలి. నల్లరేగడిలో పనిచేసేటప్పుడు స్ప్రాకెట్‌లో మట్టి గట్టిపడి చైన్ దానంతటదే బిగుసుకుంటుంది, సాయంత్రం ఆ మట్టి తీసేశాకే కొలవండి. వదులు చేసేటప్పుడు గ్రీజు వాల్వును ఒక్క చుట్టుకు మించి విప్పకూడదు, మొహం ఎదురుగా పెట్టకూడదు. ఐడ్లర్ వెనక ఉండే రీకాయిల్ స్ప్రింగ్‌ను మాత్రం షెడ్డులో ఎవరూ విప్పవద్దు. టన్నుల బలంతో నొక్కి ఉంటుంది, జారితే మనిషి ప్రాణం పోతుంది. సరైన ప్రెస్, జిగ్ ఉన్న చోటికే పంపండి.

స్ప్రాకెట్ వెనక ఆయిల్ జిడ్డు

ఫైనల్ డ్రైవ్ (స్ప్రాకెట్‌ను తిప్పే చివరి గేర్లు) దగ్గర మట్టితో కలిసిన నల్లటి ముద్ద కనిపిస్తే ఫ్లోటింగ్ సీల్ పోయినట్టే. దీంట్లో రెండు ఇనుప రింగులు ఒకదానికొకటి ముఖాలు ఆనించి తిరుగుతాయి, వెనక రబ్బరు రింగులు వాటిని నొక్కి పట్టుకుంటాయి. విప్పాక ఆ ముఖాన్ని గుడ్డతో తుడిచి వెలుతురులో వంచి చూడండి. అద్దంలా మెరిసే సన్నని గీత ఒకటి కనిపిస్తుంది. కొత్త సీల్‌లో అది బయటి అంచు దగ్గర ఉంటుంది, అరిగేకొద్దీ లోపలి అంచు వైపు జరుగుతుంది. లోపలి అంచుకు చేరితే ఆ సీల్ పని అయిపోయింది.

పాత రింగుకు కొత్త రింగు జత కలిపితే ఆపలేదు, కారుతూనే ఉంటుంది. జతను జతగానే మార్చాలి. రబ్బరు, అది కూర్చునే గాడి పూర్తిగా పొడిగా ఉండాలి. అక్కడ ఆయిల్ తగిలితే రబ్బరు జారి రింగు వంకరగా కూర్చుంటుంది. పల్చటి ఆయిల్ పూయాల్సింది మెరిసే ముఖాలకే. బిగించే ముందు రింగు చుట్టూ నాలుగు చోట్ల ఎత్తు కొలిచి చూస్తే వంకర ఉందో లేదో అక్కడే తెలుస్తుంది.

హైడ్రాలిక్ పైపులు ఎంత బిగించినా కారుతున్నాయి

ఇంకా బిగించడం ఆపండి. కొమట్సు తరహా పైపు కొనల్లో కోణం 30 డిగ్రీలు, జేఐసీ అనే అమెరికా తరహా కొనల్లో 37 డిగ్రీలు. చూపుకు తేడా తెలియదు, కానీ ఆ రెండూ ఒక్క సన్నని గీత మీదే ఆనుతాయి, బిగించేకొద్దీ చీలతాయి. పైపు షాపుకు రెండు కొనలూ పట్టుకెళ్లి గేజ్ పెట్టి చూపించి, సరైన అడాప్టర్ వేయించండి. బ్లేడు ఎత్తిపెడితే మెల్లగా దిగిపోతుంటే అది సిలిండర్ ప్యాకింగ్ లేదా వాల్వు లోపం, పైపుల జోలికి పోనవసరం లేదు. ఏది చూడాలన్నా బ్లేడును నేల మీద ఆనించాకే చూడండి.

బోల్టులు వదులవుతున్నాయి

కమ్మిన్స్ ఇంజన్ ఉన్న పాత డోజర్లలో ఇంజన్ బోల్టులు అంగుళాల్లో, బాడీ బోల్టులు మిల్లీమీటర్లలో ఉండటం మామూలే. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. ఆ మరలో 12 మిల్లీమీటర్ల బోల్టు దూరుతుంది, కొంత బిగినట్టూ అనిపిస్తుంది, పని మొదలవగానే ఊడుతుంది. మర పళ్లను కొలిచే పిచ్ గేజ్ పెట్టకుండా ఒక్క బోల్టు కూడా వేయవద్దు. స్ప్రాకెట్, చైన్ ప్లేట్ల బోల్టులకు టార్క్ రెంచ్ వాడి, మొదటి రోజు పని అయ్యాక అన్నింటినీ మళ్లీ బిగించండి.

కరెంటు పని విషయంలో ఒక్కటే మాట: ఈ బండ్లు చాలావరకు 24 వోల్టులవి. 12 వోల్టుల రిలే, హారన్, లైటు ఏది పెట్టినా కాలిపోతుంది, వైరింగ్‌ను కూడా కాలుస్తుంది. బ్యాటరీ కట్ స్విచ్ లేకపోతే ముందు అది పెట్టించండి.