పెన్‌డ్రైవ్‌లోని ఇన్‌స్టాలర్లు ఇప్పుడు వాటంతటవే తాజా

ఇంటర్నెట్ లేని కంప్యూటర్ల కోసం దాచుకున్న ఇన్‌స్టాలర్లు చూస్తుండగానే పాతబడిపోతాయి. పాత బ్రౌజర్ వేయడమంటే, ఎప్పుడో పూడ్చిన భద్రతా లోపాలను మళ్లీ తెచ్చిపెట్టడమే.

అందుకే విండోస్‌లో ఆదేశాలతో ప్రోగ్రామ్‌లను దించి ఇన్‌స్టాల్ చేసే సాధనమైన వింగెట్‌ను ఈ పనికి పెట్టాను. ‘వింగెట్ డౌన్‌లోడ్’ ఆదేశానికి ప్రోగ్రామ్ ఐడీ, ఫోల్డర్ పేరు ఇస్తే ఇన్‌స్టాల్ చేయకుండా ఫైలును మాత్రమే దించుతుంది. దించిన ఫైలు ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలు మారలేదని తేల్చే వేలిముద్ర లాంటి కోడ్) వింగెట్ దగ్గరున్న దానితో సరిపోలకపోతే ఆగిపోతుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఈ ఆదేశాలన్నీ ఒక బ్యాచ్ ఫైలులో (ఆదేశాలను వరసగా నడిపే ఫైలు) రాసి, పనులను వేళకు నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో వారానికోసారి నడిచేలా అమర్చాను. ప్రతిసారీ కొత్త ఫోల్డర్‌లోకి దించి, అన్నీ సవ్యంగా వచ్చాకే పాతదాన్ని తొలగిస్తుంది. మధ్యలో నెట్ పోయినా పాత సెట్ చెక్కుచెదరదు.

కొన్ని ఇన్‌స్టాలర్లు మాత్రం నడిచేటప్పుడు అసలు ఫైళ్ల కోసం మళ్లీ నెట్ అడుగుతాయి. పరిమాణం మరీ చిన్నగా కనిపిస్తే నెట్ ఆపి ఒకసారి పరీక్షించండి.