వాదవ్యాసం నేర్చుకుందాం – 4వ పాఠం: ఎదుటి పక్షాన్ని బలంగా రాయడం

మూడో పాఠం చివర ఇచ్చిన అంశం: "ఈ కాలపు దేశం రాజరికాన్ని ఉంచుకోవాలా?" వచ్చిన జవాబుల్లో చాలావాటికి ఒకటే జబ్బు. రెండో వాక్యానికే నిజాం వచ్చాడు. ఆ వెనకాలే రజాకార్లు, వెట్టిచాకిరి, గడీలు (దొరల కోటలాంటి ఇళ్లు), చివరికి హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన 1948 సెప్టెంబరు 17. వరంగల్, జనగామ, కరీంనగర్ దిక్కు నుంచి రాసేవాళ్ల కలానికి ముందు తగిలేవి ఇవే. రాసినదాంట్లో అబద్ధం లేదు, అడిగినదానికి జవాబు కూడా లేదు. ఏడో నిజాం పాలించిన రాజు, ఆయన ఫర్మానే చట్టం. ఇవాళ స్వీడన్‌లో, జపాన్‌లో, బ్రిటన్‌లో ఉన్నది పాలించని రాజు. మీరు పాలించే రాజును ఎంత తిట్టినా, రాజరికాన్ని సమర్థించేవాడు "నేనూ అదే అంటున్నా, అందుకే అధికారం తీసేసి పదవి ఒక్కటే ఉంచాం" అంటాడు. అంతటితో మీ పేజీ మొత్తం అతని ఖాతాలో పడుతుంది. రుద్రమదేవి పాలనను పొగిడి "రాజరికం మంచిదే" అని తేల్చినవాళ్లదీ ఇదే పొరపాటు, దిక్కు మాత్రం వేరు.

ఈసారి ముగింపు రాసే పద్ధతి చెప్పాల్సింది. దాన్ని వెనక్కి జరిపాను. ఎదుటివాడు నిజంగా ఏమంటున్నాడో రాయలేనివాళ్లకు ముగింపుతో పనిలేదు.

నిజాం లేకుండా రాయలేం అనుకుంటే, 1950 నుంచి 1956 వరకు ఉన్న నిజాంను రాయండి. 1950 జనవరి 26 నుంచి ఆయన హైదరాబాద్ రాష్ట్రానికి రాజ్‌ప్రముఖ్, అంటే గవర్నర్ లాంటి రాష్ట్రాధినేత. 1952 ఎన్నికల తర్వాత బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. నిర్ణయం మంత్రివర్గానిది, సంతకం రాజ్‌ప్రముఖ్‌ది. 1956లో ఏడో రాజ్యాంగ సవరణతో ఆ పదవి పోయింది, సంతకం పెట్టే పని గవర్నర్‌కు మారింది. ఇది ప్రశ్నకు అతికే ఉదాహరణ. పని అదే, చేసే మనిషిని ఎట్లా ఎంచుకోవాలన్నదే తగాదా. ఒక తేడా మాత్రం రాయడం మరువద్దు. రాజ్‌ప్రముఖ్‌కు ఆ హోదా రాష్ట్రపతి గుర్తింపుతో వచ్చింది. అది కొడుకుకు దక్కే ఆస్తి కాదు.

దేశాధినేతకు, ప్రభుత్వాధినేతకు తేడా ఇక్కడ వివరించను, అది బడి పాఠమే. పోలిక ఎవరితో అన్నది మాత్రం గుర్తుంచుకోండి. పాలించని రాజును మన రాష్ట్రపతితోనో, ఐర్లాండ్, జర్మనీ అధ్యక్షులతోనో పోల్చాలి. అమెరికా, ఫ్రాన్స్ అధ్యక్షులను తెస్తే మళ్లీ పాలించేవాళ్ల దగ్గరికే పోయినట్టు.

"రాజులున్న దేశాలు బాగున్నాయి కదా"

ఈ వాక్యం దగ్గర ఆగక తప్పదు. తెలివైనవాళ్లు కూడా ఇందులో పడుతున్నారు, రెండు పక్షాలవాళ్లూ పడుతున్నారు. నార్వే, స్వీడన్, డెన్మార్క్, నెదర్లాండ్స్, జపాన్ అని వరసగా రాసి, "కాబట్టి రాజరికం దేశానికి మేలు" అని ముగిస్తున్నారు. చెరువు నిండిన ఊళ్లో గడి ఉన్నంత మాత్రాన గడి వల్ల చెరువు నిండినట్టు కాదు.

ఇట్లాంటి వాక్యం చేతికి రాగానే మూడు పరీక్షలు పెట్టండి. మొదటిది: అట్లాంటిదే, రాజు లేని దేశం ఎట్లా ఉంది? స్వీడన్ పక్కనే ఫిన్లాండ్ ఉంది, అది గణతంత్రం. ఐస్‌లాండ్, ఐర్లాండ్, స్విట్జర్లాండ్ కూడా అంతే. ఇటు ఆఫ్రికాలోని ఎస్వాతినీలో రాజు చేతిలోనే అధికారమంతా ఉంది, బీదరికమూ ఉంది. రాజున్న థాయ్‌లాండ్‌లో 2006లో, 2014లో సైనిక కుట్రలు జరిగాయి. జాబితాను మీకు నచ్చినచోట ఆపితే అది రుజువు కాదు.

రెండోది: ముందు ఏది వచ్చింది, వెనక ఏది వచ్చింది? జర్మనీ, ఆస్ట్రియా రాజవంశాలు 1918లో యుద్ధంలో ఓడి సింహాసనం పోగొట్టుకున్నాయి. ఇటలీలో రాజవంశం నియంత ముస్సోలినీతో అంటకాగి, యుద్ధంలో ఓడాక 1946 జూన్ 2న జనం సుమారు 54 శాతం ఓట్లతో గణతంత్రం కోరుకున్నారు. పెద్ద దెబ్బ తిన్న దేశాల్లో రాజులు కూలారు, కుదురుగా ఉన్న దేశాల్లో మిగిలారు. రాజు దేశాన్ని నిలిపాడని మీరు రాస్తున్నచోట చాలాసార్లు కుదురుగా ఉన్న దేశమే రాజును నిలిపింది. ఈ పరీక్షను దాటవేసే వ్యాసాలే ఎక్కువ.

మూడోది: మీరు మెచ్చుకుంటున్న పని అసలు రాజు చేతిలో ఉందా? స్వీడన్ 1974లో కొత్త రాజ్యాంగ పత్రం రాసుకుంది. 1975 నుంచి అక్కడ ప్రధాని పేరును ప్రతిపాదించేది పార్లమెంటు స్పీకర్. చట్టాల మీద రాజు సంతకమే అక్కరలేదు. జపాన్ రాజ్యాంగం నాలుగో అధికరణం చక్రవర్తికి పాలనాధికారాలేవీ లేవని నేరుగానే చెబుతుంది. చేతిలో లేని పనికి ఆ మనిషికి పేరు ఇవ్వలేం, నింద కూడా వేయలేం.

ఇదే ఉచ్చు తిరగేసి కూడా వస్తుంది: "నేపాల్‌లో రాజు పోయాకే ప్రభుత్వాలు నిలవడం లేదు." 2008 మే 28న రాజ్యాంగ సభ రాజరికాన్ని రద్దు చేసిన తర్వాత ప్రభుత్వాలు తరచూ మారిన మాట నిజమే. అంతకుముందు ఎట్లా ఉండేదో చూశారా? 1990లో బహుళపార్టీ వ్యవస్థ వచ్చాక, రాజు ఉండగానే, ప్రధానులు వెంటవెంటనే మారారు. 2002లో రాజు జ్ఞానేంద్ర ప్రధానిని తొలగించాడు, 2005 ఫిబ్రవరి 1న అధికారమంతా తన చేతిలోకి తీసుకున్నాడు. ముందూ వెనకా ఒకే తీరు ఉన్నప్పుడు కారణం కిరీటంలో దొరకదు. అలాగని "రాజు పోవడమే నేపాల్‌ను బాగుచేసింది" అనీ రాయవద్దు, అదీ ఈ మూడు పరీక్షల్లో నిలవదు.

ఖర్చు వాదనను నేను వాడను, మీరూ వాడకపోతే మంచిది. బ్రిటన్‌లో రాజకుటుంబం అధికారిక పనులకు ఇచ్చే గ్రాంటు 2024–25లో 8.63 కోట్ల పౌండ్లు. జనాభాకు పంచితే తలకు పౌండు మీద కొంచెం. భద్రత ఖర్చు దీనికి అదనం. అధ్యక్షుడికీ భవనం, సిబ్బంది, భద్రత కావాలి కాబట్టి మిగిలే తేడాతో తీర్పు తేలదు. "ఆ కుటుంబం భూముల ఆదాయం ఖజానాకు ఇస్తోంది కదా" అనేవాళ్లకు ఒక్క వాక్యం చాలు: క్రౌన్ ఎస్టేట్ అనే ఆ భూములు రాజు సొంత ఆస్తి కాదు, వాటి ఆదాయాన్ని 1760లో మూడో జార్జి పార్లమెంటుకు వదిలేశాడు.

పూర్వపక్షం రాసే తీరు

పూర్వపక్షం అంటే ఎదుటివాడి వాదన. మనకు నచ్చని ఆ పక్షాన్ని, ఆ పక్షంవాడు చదివి "అవును, నేననేది ఇదే" అనేట్టు రాయాలి. దానికి ఒక దారి ఉంది. ముందు అతని దగ్గరున్న గట్టి సంఘటన వెతకండి, సూత్రం తర్వాత చూసుకోవచ్చు. రాజరికం పక్షానికి గట్టి సంఘటన స్పెయిన్. 1981 ఫిబ్రవరి 23న ఆయుధాలతో సివిల్ గార్డులు (అక్కడి సాయుధ పోలీసులు) పార్లమెంటులోకి చొరబడ్డారు. ఆ అర్ధరాత్రి దాటాక రాజు హువాన్ కార్లోస్ సైనికాధిపతి దుస్తుల్లో టీవీలో కనబడి రాజ్యాంగం వైపు నిలబడ్డాడు, కుట్ర విఫలమైంది. ఏ పార్టీ ఓటుతోనూ రాని మనిషి కాబట్టి అన్ని పక్షాలూ ఆయన మాట విన్నాయి. పూర్వపక్షంలోని అసలు బలం ఇదే: అందరికన్నా ఎత్తైన కుర్చీని పార్టీల పోటీకి అందకుండా పెట్టడం.

ఇప్పుడు జవాబు. ఆ సంఘటనను చిన్నది చేయవద్దు, దాని పక్కన అదే కుర్చీలో కూర్చున్న వేరే మనుషులను పెట్టండి. 1922 అక్టోబరులో ముస్సోలినీ మనుషులు రోమ్ మీదికి వస్తుంటే, సైనిక శాసనం పత్రం మీద సంతకం పెట్టడానికి మూడో విక్టర్ ఇమ్మాన్యుయేల్ ఒప్పుకోలేదు, ఆ వెంటనే ముస్సోలినీనే ప్రధానిని చేశాడు. 1967 ఏప్రిల్‌లో గ్రీసు రాజు కాన్‌స్టంటైన్ కుట్ర చేసిన సైనికుల ప్రభుత్వంతో ప్రమాణం చేయించాడు. డిసెంబరులో తిరగబడ్డాడు, ఓడి దేశం విడిచాడు. 1974లో గ్రీకులు 69 శాతం ఓట్లతో రాజరికాన్ని వద్దన్నారు. మూడు దేశాల్లోనూ వారసత్వపు పదవే, ఫలితం మాత్రం మనిషిని బట్టి మారింది. ఆ మనిషిని ఎంచుకునే వీలు జనానికి లేదు.

ఇక్కడ ఆపితే సగం పనే. ఎదుటివాడు వెంటనే "ఎన్నికైనవాళ్లు మెరుగా?" అంటాడు. 1975 జూన్ 25 రాత్రి మన రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ అత్యవసర పరిస్థితి ప్రకటన మీద సంతకం పెట్టారు. దాన్ని దాచి రాసిన వ్యాసం నమ్మకం పోగొట్టుకుంటుంది. ఒప్పుకుని, వాదనను "ఎవరు మంచివాళ్లు" నుంచి "తప్పుచేస్తే దించే దారి ఏది" వైపు తిప్పండి. నా పక్షం ఇక్కడే ఉంది. రాష్ట్రపతికి ఐదేళ్ల గడువు ఉంది, 61వ అధికరణం కింద అభిశంసన ఉంది. వారసత్వ పదవికి మామూలుగా ఈ రెండూ ఉండవు, అందుకే దాన్ని ఉంచుకోకూడదంటాను. 1990లో గర్భస్రావ చట్టం మీద సంతకం చేయడానికి బెల్జియం రాజు బోదువాన్‌కు మనసొప్పలేదు. ఆయన రాజ్యం చేయలేని స్థితిలో ఉన్నాడని ప్రకటించి, మంత్రులే సంతకం చేశారు, మర్నాడు పార్లమెంటు ఆయనను తిరిగి కుర్చీలో కూర్చోబెట్టింది. దించే దారి లేనిచోట ఇట్లాంటి అడ్డదారులు వెతకాల్సి వస్తుంది.

"మార్చడమే పెద్ద గొడవ" అనే మాటకు, బ్రిటన్ రాజరికాన్నే తమ దేశాధినేతగా పెట్టుకున్న ఆస్ట్రేలియా, కరీబియన్ దీవి బార్బడోస్ రెండూ రాయండి. 1999లో ఆస్ట్రేలియాలో గణతంత్ర ప్రతిపాదన ఓడింది, సుమారు 55 శాతం వద్దన్నారు. అధ్యక్షుణ్ణి పార్లమెంటే ఎంచుకోవాలన్న పద్ధతి నచ్చక, నేరుగా ఎన్నుకోవాలని పట్టుబట్టిన గణతంత్రవాదులు కొందరు కూడా అటే ఓటేశారు. బార్బడోస్ 2021 నవంబరు 30న గణతంత్రమైంది, అప్పటిదాకా రాణి ప్రతినిధిగా, అంటే గవర్నర్ జనరల్‌గా ఉన్న సాండ్రా మేసన్‌నే తొలి అధ్యక్షురాలిగా పార్లమెంటు ఎన్నుకుంది. కొత్త మనిషిని ఎట్లా ఎంచుకోవాలో ముందే తేల్చుకోకపోతే మార్పు చిక్కుబడుతుంది. మీ వ్యాసంలో ఆ పద్ధతి ఏదో ఒక్క వాక్యమైనా ఉండాలి.

అభ్యాసం

గ్రూప్–1 మెయిన్స్‌లో మూడు గంటల్లో మూడు వ్యాసాలు రాయాలి కాబట్టి దీనికి గంటే తీసుకోండి. మొదటి 20 నిమిషాలు రాజరికం పక్షాన 150 పదాలు. అందులో "కానీ", "అయినా" ఒక్కసారి కూడా రావద్దు, సంపన్న దేశాల జాబితా రావద్దు. తర్వాతి 30 నిమిషాలు 250 పదాల జవాబు. రాజు విఫలమైన సంఘటన ఒకటి, ఎన్నికైన దేశాధినేత విఫలమైన సంఘటన ఒకటి తప్పనిసరి, రెండూ ఈ పాఠంలో లేనివి కావాలి. మిగిలిన పది నిమిషాలు మూడు పరీక్షలతో సొంత వాక్యాలను మీరే కొట్టేయండి.

ఇంకొకటి, దీనికి గంట చాలదు. భూటాన్ 2008 రాజ్యాంగం ప్రకారం రాజు 65 ఏళ్లకు దిగిపోవాలి. రాజ్యాంగాన్ని కావాలని ఉల్లంఘిస్తే, పార్లమెంటు ఉమ్మడి సమావేశంలో నాలుగింట మూడొంతుల మంది, ఆపైన దేశమంతటా ఓటింగులో ఎక్కువమంది ఒప్పుకుంటే దించవచ్చు. అంటే పైన నేను చెప్పిన "దించే దారి లేదు" అన్న జవాబు అక్కడ చెల్లదు. భూటాన్ రాజరికానికి వ్యతిరేకంగా 200 పదాలు రాయండి. ఐదో పాఠం ఆ జవాబులతోనే మొదలవుతుంది.