పార్టీల గొడవల మధ్య రోజుకో ఆకాశం బొమ్మ

ఎన్నికలొస్తే చాలు, మా కడపలో పొద్దున్నే ఫోను తెరవాలంటే గుండె దడ. బంధువుల వాట్సాప్ గ్రూపులోనూ పార్టీల తిట్లే. అందుకే గ్రూపు పేరు నొక్కి, మ్యూట్‌లో 'ఒక వారం' పెట్టేస్తా. టీ తాగే ఆ ఐదు నిమిషాలు నాసా వాళ్ల 'ఆస్ట్రానమీ పిక్చర్ ఆఫ్ ది డే' వెబ్‌సైట్ చూస్తా. 1995 జూన్ నుంచి రోజుకో ఆకాశం బొమ్మ, కింద ఇంగ్లీషులో చిన్న వివరం, పైసా ఖర్చు లేదు. పాతవీ తేదీల వారీగా ఉన్నాయి. మా పాప పుట్టిన రోజుది తీసి చూపిస్తే, అమ్మ కళ్లద్దాలు సవరించుకుని ఫోను దగ్గరికి లాక్కుంది. ఆ పూట ఇంట్లో ఓట్ల మాటే లేదు!

ఉదయం 11 లోపు చూస్తే నిన్నటి బొమ్మే కనిపించొచ్చు. ఇంకో సంగతి, మ్యూట్ చేసిన గ్రూపులో ఆసుపత్రి కబురు వచ్చినా ఫోను మోగకపోవచ్చు. రాత్రికోసారి తెరిచి చూసుకోండి.