అర్ధరాత్రి ఏ ఆసుపత్రికి? కోనసీమ వాళ్ళు ముందే తేల్చుకోవాల్సిన సంగతులు

మా నాన్న ఓ రాత్రి పదకొండున్నరకి లేచి గుండెల్లో మంటగా ఉందిరా, సాయంత్రం తిన్న పకోడీ అరగలేదేమో అన్నారు. సోడా తాగించాం. ఒళ్ళంతా చెమటలు పట్టేసరికి మా అమ్మ కంగారుపడి ఊళ్ళో ఆర్‌ఎంపీ గారిని పిలిపించింది, ఆయన నాడి చూసి ఓ ఇంజెక్షన్ చేసి పక్కకెళ్ళి ఫోన్ మాట్లాడుకుని వచ్చాడు. "నాకు తెల్సిన హాస్పిటల్ ఉంది బాబూ, బండి వచ్చేస్తంది, మీరేం గాబరా పడకండి" అన్నాడు. బండి నిజంగానే ఇరవై నిమిషాల్లో వచ్చింది. ఎక్కడికి తీసుకెళ్తున్నారు అని నేను అడిగింది మాత్రం రావులపాలెం దాటాక.

నాన్న బతికారు, అది ముందు చెప్పాలి. కానీ ఆరు రోజులకి 2,74,000 బిల్లయింది, ఆరోగ్యశ్రీ కార్డు ఇంట్లో బీరువాలో ఉండగానే. ఆ ఆసుపత్రికి ఆరోగ్యశ్రీ బోర్డు ఉంది గానీ గుండె జబ్బులకి లేదంట, ఎముకలకీ ఇంకో రెండిటికీ మాత్రమే ఉందంట. ఆ ముక్క మాకు తెలిసేసరికి స్టంటు వేసేశారు. అప్పట్నుంచి మా బంధువుల్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా నాకే ఫోన్ చేస్తున్నారు, చెప్పిందే చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది, అందుకే ఇలా రాసి పెడుతున్నా.

మొదటి పని ఇవాళే చెయ్యండి, ఎవరికీ ఏమీ కాకముందే. మీ ఊరికి దగ్గర్లో గుండెకి, పక్షవాతానికి, యాక్సిడెంట్‌కి, కాన్పుకి ఏ ఆసుపత్రిలో పథకం నడుస్తుందో 104కి ఫోన్ చేసి అడగండి, నాలుగూ విడివిడిగా అడగండి ఎందుకంటే నెట్‌వర్క్ ఆసుపత్రి, అంటే పథకంలో చేరిన ఆసుపత్రి, అన్నంత మాత్రాన అన్ని జబ్బులకీ అని కాదు, స్పెషాలిటీ వారీగా ఇస్తారు. పథకం పేరు విషయంలో తికమక పడకండి, 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీ, 2014 తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024 నుంచి మళ్ళీ డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డుకి రంగేస్తారు, జనం నోట్లో మాత్రం ఆరోగ్యశ్రీయే. 2023 డిసెంబర్‌లో కుటుంబానికి 25 లక్షల దాకా అని పెంచారు కూడా.

రైస్ కార్డులో అందరి పేర్లూ ఉన్నాయో లేదో చూడండి. కొత్త కోడలి పేరు పుట్టింటి కార్డులోనే ఉండిపోవడం, పిల్లాడి పేరు అసలు ఎక్కించకపోవడం, ఆధార్‌లో ఓ స్పెల్లింగూ కార్డులో ఇంకోటీ ఉండటం, ఇవి ప్రతి వీధిలోనూ ఉంటాయి, సచివాలయంలో ముందే సరిచేయించుకుంటే సరిపోయేదానికి ఐసీయూ బయట నిలబడి ఏడవాల్సొస్తుంది. ఇంట్లో 70 నిండినవాళ్ళు ఉంటే ఆయుష్మాన్ వయవందన కార్డు తీయించండి, 2024 అక్టోబర్ చివర్లో మొదలైంది, ఏడాదికి 5 లక్షల దాకా ఉంటుంది, దానికి ఆదాయంతో పనిలేదు కాబట్టి తెల్లకార్డు లేని రైతులకీ రిటైరైన మాస్టార్లకీ కూడా వస్తుంది. భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లలో చేసే ఆడవాళ్ళు చాలామందికి జీతంలో 0.75 శాతం ఈఎస్‌ఐకి, అంటే కార్మికుల వైద్య బీమాకి, కట్ అవుతోందన్న సంగతే తెలీదు, నెల జీతం 21,000 లోపు ఉంటే అది మీ హక్కు, పే స్లిప్ ఓసారి చూస్కోండి.

ఇంక ఏ జబ్బుకి ఎటు వెళ్ళాలి.

పాము కరిస్తే రెండో ఆలోచన వద్దు, ప్రభుత్వాసుపత్రే. కోతలప్పుడు మా వైపు ఏటా చూస్తాం. విరుగుడు మందు అక్కడ ఉచితం, ప్రైవేటులో ఒక్కో వయల్‌కీ డబ్బులు కట్టాలి, ఎన్ని వయల్స్ పడతాయో ముందు ఎవరూ చెప్పలేరు. తాడుతో బిగించి కట్టొద్దు, కోయొద్దు, మంత్రం వేయించాక వెళ్దాం అనే పెద్దాయన్ని మర్యాదగా పక్కన కూర్చోబెట్టండి. కుక్క కాటుకీ అంతే, పావుగంట సేపు సబ్బు పెట్టి పంపు కింద కడిగి వెళ్తే పీహెచ్‌సీలోనే టీకా వేస్తారు, 0, 3, 7, 28 రోజులు, నాలుగోది చాలామంది ఎగ్గొడతారు, ఎగ్గొట్టొద్దు.

గుండె సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నా. గుండెపోటుకి మొదట చెయ్యాల్సింది ఈసీజీ. అందులో ఫలానా రకం పోటు అని తేలితే రక్తంలో గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఒకటుంది, టెనెక్టిప్లేజ్ అంటారు, బయట దాదాపు 40 వేలు. అదిప్పుడు ప్రభుత్వ ఏరియా ఆసుపత్రుల్లో, సీహెచ్‌సీల్లో (సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో) ఉచితంగా ఇస్తున్నారు, ఈసీజీని పెద్దాసుపత్రిలో ఉన్న గుండె డాక్టరుకి పంపిస్తే ఆయన చూసి ఇవ్వండి అంటాడు, వీళ్ళు ఇస్తారు. కోనసీమ నడిమధ్య నుంచి కాకినాడకైనా రాజమండ్రికైనా గంటన్నర పైనే, లంక ఊళ్ళ వాళ్ళకయితే వరదల్లో పడవ దాటడానికే గంట. ఆ గంటన్నరా వృథా పోకుండా దగ్గర్లోనే ఆ ఇంజెక్షన్ పడితే తర్వాత స్టంటు ఎక్కడ వేయించుకోవాలో ఆలోచించుకునే టైం మనకి దొరుకుతుంది. ఆ రాత్రి మేము అమలాపురం ఏరియా ఆసుపత్రి వీధి పక్కనుంచే వెళ్ళిపోయాం. కాబట్టి ఛాతీలో నొప్పి, ఎడం చెయ్యి లాగడం, చెమటలు అంటే సోడాలు మానేసి 108కి ఫోన్ చేసి దగ్గర్లో ఈసీజీ తీసే చోటికి పొమ్మనండి.

కాన్పులు, గర్భసంచి, హెర్నియా, పిత్తాశయంలో రాళ్ళు, కంటి శుక్లాలు, ఇలా నాలుగు రోజులు ఆగినా పర్వాలేదని డాక్టరు చెప్పినవాటికి నా ఓటు ప్రభుత్వాసుపత్రికే. కాకినాడ జీజీహెచ్, అంటే పెద్ద ప్రభుత్వాసుపత్రి, ఉంది, రంగరాయ మెడికల్ కాలేజీ 1958 నాటిది, రాజమండ్రిలోనూ ఏలూరులోనూ 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు నడుస్తున్నాయి కాబట్టి అక్కడా ప్రొఫెసర్లు ఉంటారు, యానాంలో పుదుచ్చేరి జిప్మర్ (కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రి) వాళ్ళ యూనిట్ కూడా ఉంది. మా అమ్మకి పిత్తాశయం ఆపరేషన్ ఓ పెద్ద ప్రభుత్వాసుపత్రిలో చేయించాం, పదకొండు రోజులు తిరగాల్సొచ్చింది, బాత్‌రూం గురించి అడక్కండి, ఆపరేషన్ మాత్రం చక్కగా చేశారు.

అక్కడ పని అవ్వాలంటే కొన్ని కిటుకులున్నాయి. ఓపీ చీటీకి తెల్లారే వెళ్ళండి, పదింటికి వెళ్తే లైను ఎండలోకొచ్చేస్తుంది. ఫోన్లో ఆభా నంబరు, అంటే 14 అంకెల ఆరోగ్య గుర్తింపు నంబరు, ముందే తీసుకుంటే కౌంటర్ దగ్గర క్యూఆర్ స్కాన్ చేసి టోకెన్ తెచ్చుకోవచ్చు, ఇది చాలామందికి తెలీదు. అన్నిటికంటే ముఖ్యమైనది యూనిట్. పెద్దాసుపత్రిలో సర్జరీ అంటే ఒక్క డాక్టరు కాదు, నాలుగైదు యూనిట్లు ఉంటాయి, ఒక్కో యూనిట్‌కి వారంలో ఫలానా రోజులే ఓపీ. మొదటిరోజు మిమ్మల్ని ఏ యూనిట్ చూసిందో చీటీ మీద రాసి ఉంటుంది, మళ్ళీ వెళ్ళేటప్పుడు ఆ యూనిట్ రోజునే వెళ్ళండి, వేరే రోజు వెళ్తే కొత్త డాక్టరు మళ్ళీ మొదట్నుంచి పరీక్షలు రాస్తాడు, చాలామంది "తిప్పుతున్నారు తిప్పుతున్నారు" అని తిట్టుకునేది సగం ఇందువల్లే. హౌస్‌సర్జన్లనీ పీజీలనీ చిన్నచూపు చూడకండి, రాత్రి రెండింటికి వార్డులో ఉండేది వాళ్ళే. మనిషి పక్కన ఎప్పుడూ ఒకళ్ళుండాలి, అమ్మ దగ్గర మేము షిఫ్టులేసుకున్నాం.

ప్రైవేటుకి వెళ్ళాల్సిందే అనుకుంటే, లేదా తీసుకెళ్ళిపోయారు అనుకుంటే, లోపలికి అడుగు పెట్టగానే ఆరోగ్యమిత్ర (పథకం పని చూసే మనిషి) డెస్కు ఎక్కడుందో అడగండి. "మాకు ఈ జబ్బుకి ఇక్కడ పథకం వర్తిస్తదా అమ్మా" అని మిత్రనే అడగండి, క్యాష్ కౌంటర్‌లో కుర్రాణ్ణి కాదు. ఎమర్జెన్సీ అయితే ఫోన్లోనే అప్రూవల్ తీసుకునే ఏర్పాటు ఉంది, కాగితాలు తర్వాత తెచ్చివ్వొచ్చు. వర్తిస్తే పరీక్షలు, మందులు, భోజనం అన్నీ ప్యాకేజీలోవే, పైన డబ్బు అడిగితే 104కి చెప్పండి. డబ్బు కట్టేసి తర్వాత ఆరోగ్యశ్రీలో వెనక్కి తెచ్చుకుందాంలే అనుకున్నారో, అది జరగదు.

బెడ్లు లేవండీ అంటే? ఒక్కోసారి నిజంగా లేకపోవచ్చు. ఒక్కోసారి కథ వేరు. పథకంలో ఒక్కో ఆపరేషన్‌కీ రేటు ప్రభుత్వమే కడుతుంది, ఆ డబ్బు ఆసుపత్రికి నెలల తరబడి రాదు, బకాయిలు పేరుకుంటే ఆసుపత్రుల వాళ్ళు సంఘం పెట్టి సేవలు ఆపేస్తామని నోటీసులిస్తారు, ఆపేస్తారు కూడా, పేపర్లో చూస్తూనే ఉన్నాం. అదే నగదు పేషెంటు అయితే సాయంత్రానికి డబ్బు గల్లాపెట్టెలో ఉంటుంది. స్టంట్లు వేసే క్యాథ్‌ల్యాబ్ మిషన్ మీద బ్యాంకు వాయిదా కట్టుకోవాల్సిన యజమాని ఎవరికి బెడ్డు ఇస్తాడు మరి. ఇందులో ఊళ్ళో ఫోన్ చేసిన ఆయన కమీషన్ కూడా కలిసి ఉంటుంది, డాక్టర్లు అలా ఇవ్వకూడదని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది, ఎవరు పట్టించుకున్నారు. నేను మా ఆర్‌ఎంపీ గారిని తిట్టట్లేదు, అర్ధరాత్రి పిలిస్తే వచ్చే మనిషి ఊళ్ళో ఆయనొక్కడే, ఇప్పటికీ నాన్న బీపీ ఆయనే చూస్తాడు.

బిల్లు దగ్గర మొహమాటపడకండి. చేర్చేటప్పుడే అంచనా కాగితం మీద రాసివ్వమనండి. రోజూ సాయంత్రం ఇవాళ్టికెంతయిందని అడగండి, చివర్లో ఐటమ్ వారీ బిల్లు ఇమ్మనండి, జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో అది ఉంది, మందులూ పరీక్షలూ బయట చేయించుకునే హక్కు కూడా అందులో ఉంది. మా బిల్లు ముందు ఒక్క పేజీ ఇచ్చారు, "కన్స్యూమబుల్స్ 38,400" అని ఒక్క ముక్క, అంటే వాడి పారేసే సామాను. విడదీసి ఇవ్వమంటే ఆ కుర్రాడు మొహం మాడ్చుకుని నలభై నిమిషాలకి ఏడు పేజీలు తెచ్చాడు. రెండు రోజుల ఐసీయూకి 64 జతల గ్లౌజులు, నాన్నకి ఒక్కసారి కూడా పెట్టని నెబులైజర్ కిట్లు మూడు. నేను పెన్నుతో గీతలు కొట్టి మేనేజర్ గారి దగ్గర కూర్చుంటే ఓ 11 వేలు తగ్గించారు. స్టంటు ధర మీద పరిమితి ఉంది, 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత స్టంటుకి 29,600 అని పెట్టింది, అంతకుముందు లక్ష పైనే వేసేవాళ్ళు, ఆ తర్వాత కాస్త కాస్త పెరిగినా ఇప్పటికీ 40 వేల లోపే. స్టంటు పెట్టె మీద స్టిక్కర్ అడిగి తీస్కోండి. అయితే అక్కడ తగ్గింది గ్లౌజుల్లో తేలుతుంది, అందుకే అన్ని పేజీలూ చదవాలి.

కేసు షీట్ల కాపీలు కూడా అడగండి, రాసి ఇస్తే 72 గంటల్లో ఇవ్వాలి. వేరే ఆసుపత్రికి మారాలన్నా ఆ కాగితాలే దిక్కు.

మందులు జీవితాంతం వాడాల్సినవి అయితే జన ఔషధి షాపు ఎక్కడుందో చూస్కోండి. నాన్నకి నెలకి 1,900 అయ్యేది, ఇప్పుడు 400 లోపే. చీటీ మీద బ్రాండ్ పేరే ఉంటే కింద మందు అసలు పేరు రాయమని డాక్టరుగారినే అడగండి, మార్చాక ఒకసారి ఆయనకి చూపించండి, షాపతని మాట మీద మార్చొద్దు.

కార్డు రానివాళ్ళు ఇన్సూరెన్స్ కట్టుకోండి, ఆరోగ్యంగా ఉన్నప్పుడే. సుగరు, బీపీ దాచి కట్టొద్దు, ముందున్న జబ్బులకి క్లెయిమ్‌ని మూడేళ్ళకి మించి ఆపకూడదని 2024లో రూలొచ్చింది, దాచితే క్లెయిమ్ దగ్గర పట్టుకుంటారు. దేశం మొత్తం మీద వైద్యానికయ్యే ఖర్చులో జనం జేబులోంచి పోయేది 2013-14లో 64.2 శాతం, 2021-22కి 39.4కి వచ్చిందని ప్రభుత్వ లెక్క. ఆ 39లో మా 2,74,000 లాంటివి ఎన్నో.

అంతా కట్టేశాక మిగిలేది ముఖ్యమంత్రి సహాయనిధి. ఎమ్మెల్యే గారి ఆఫీసులో దరఖాస్తు ఇస్తారు, ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ, ఆధార్, బ్యాంకు పుస్తకం కావాలి, ఇచ్చే ముందు అన్నిటికీ జిరాక్సులు తీసి పెట్టుకోండి. మాకు ఏడు నెలలకి చెక్కు వచ్చింది. ఆసుపత్రి వాళ్ళు డిశ్చార్జ్ సమ్మరీలో నాన్న ఇంటిపేరు తప్పు కొట్టారు, చెక్కు మీదా అదే తప్పు దిగింది, బ్యాంకులో వెనక్కిచ్చేశారు, సరిచేయించుకోవడానికి మళ్ళీ రెండు నెలలు. డిశ్చార్జ్ రోజున మనిషిని బండెక్కించే ముందే పేరు, ఇంటిపేరు, వయసు ఆ కాగితం మీద ఓసారి చదువుకోండి.