పాత యుద్ధవిమానాన్ని ఎలా చూడాలి, ఎలా కాపాడాలి?

లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో పైనొకటి, కిందొకటి రెక్కలున్న పాత బాంబర్ ఒకటుంది. రకం డీహెచ్-9ఏ, నంబరు ఎఫ్1010. మొదటి ప్రపంచయుద్ధంలో మన నిజాం ఇచ్చిన డబ్బుతో తయారైన విమానాల్లో అదొకటి. వాటిని నడిపిన బ్రిటిష్ వాయుసేన దళం, 110వ స్క్వాడ్రన్ పేరులో అందుకే హైదరాబాద్ చేరింది. 1918 అక్టోబరులో ఆ విమానం జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టారు, అక్కడి నుంచి పోలాండ్ చేరింది, 1977లో లండన్ మ్యూజియం తెచ్చుకుని బాగు చేసింది. ఇన్ని చేతులు మారినా దాని కథ మనదాకా వచ్చిందంటే నంబరూ కాగితాలూ నిలిచాయి కాబట్టే. పాత విమానం విషయంలో అన్నిటికన్నా ముందు కాపాడాల్సింది మెరుపును కాదు, ఆ ఆనవాళ్లను.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకంటే, 2025 సెప్టెంబరు 26న మిగ్-21 ఫైటర్లు మన వాయుసేన నుంచి పూర్తిగా తప్పుకున్నాయి. సేవ ముగిసిన విమానాలు కాలేజీల ముందుకూ, పార్కులకూ, చౌరస్తాలకూ చేరడం మన దేశంలో ఎప్పటి నుంచో ఉన్నదే. వరంగల్, కరీంనగర్, రామగుండం వైపు అలాంటిది ఒకటి వస్తే చూసుకోవాల్సింది మనమే.

ముందు చూడడం నేర్చుకోండి

దగ్గర్లో మంచి చోటు విశాఖ. కాజీపేటలోనో వరంగల్‌లోనో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి దింపుతుంది. ఆర్కే బీచ్ ఒడ్డున టీయూ-142 అనే పెద్ద విమానం ఉంది. 29 ఏళ్లు నౌకాదళంలో సముద్రం మీద కాపలా కాసి 2017లో తప్పుకున్న రకం. లోపలికి కూడా వెళ్లి చూడవచ్చు. రెక్కల కింద నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి రెండేసి ప్రొపెల్లర్లు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. పక్కకు నిలబడి ఆకుల వంపు గమనించండి. ముందువి ఒక దిక్కుకు, వెనకవి ఎదురు దిక్కుకు తిరిగేలా చెక్కి ఉంటాయి.

బెంగళూరులో విమానాలు తయారుచేసే హెచ్ఏఎల్ సంస్థ మ్యూజియంలో 1961లో మొదటిసారి ఎగిరిన మన సొంత ఫైటర్ మారుత్ కనిపిస్తుంది. ఢిల్లీ పాలంలోని వాయుసేన మ్యూజియానికైతే కాజీపేట, రామగుండం, మంచిర్యాల వాళ్లకు తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది. సెలవు రోజులు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు కనుక్కోండి.

పాలంలో హరికేన్ దగ్గర తొందరపడకండి. రెండో ప్రపంచయుద్ధపు ఈ ఫైటర్‌కు పైలట్ కూర్చునే కాక్‌పిట్ వెనక నుంచి తోక దాకా ఒంటిమీద ఉన్నది రేకు కాదు, గుడ్డ. కాస్త పక్కనుంచి వెలుతురు పడేలా నిలబడి చూస్తే లోపలి సన్నటి కర్రలు ఒంటి పొడవునా గీతల్లా గుడ్డ మీద తేలి కనిపిస్తాయి. తూటా దూసుకుపోతే చిన్న గుడ్డముక్క అతికించి మళ్లీ పంపడానికి వీలుగా ఉండేది. ఆ తర్వాత అదే మ్యూజియంలోని స్పిట్‌ఫైర్ చూడండి. దాని ఒళ్లూ రెక్కలూ రేకే, ఆ రేకుల్ని బిగించే రివెట్ల తలలు చాలాచోట్ల రేకులో కలిసిపోయి ఉంటాయి. గాలికి అడ్డు తగ్గించాలనే ఆ తాపత్రయం. ఒకే కాలపు రెండు విమానాల మధ్య ఇంత తేడా ఉందని బోర్డు చదివితే తెలియదు, పక్కకు నిలబడితే తెలుస్తుంది.

నంబర్లను మాత్రం గుడ్డిగా నమ్మకండి. వాయుసేన పాత విమానాల దళంలో పరశురామ అనే డకోటా రవాణా విమానం ఉంది. దానిమీది వీపీ905 అన్న నంబరు, 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌కు సైనికుల్ని చేర్చిన డకోటాది. జ్ఞాపకంగా వేసుకున్నారు. అసలు పుట్టుక తెలియాలంటే కంపెనీ బిగించిన లోహపు పలక చూడాలి.

విమానం మీ ఊరికే వస్తే

మొదటి పని నీళ్లూ కాదు, బ్రష్షూ కాదు. కెమెరా. పక్కన స్కేలు పెట్టి ప్రతి భాగాన్నీ, ప్రతి పలకనూ, ప్రతి స్టెన్సిల్ అక్షరాన్నీ ఫొటో తీయండి. ఏ భాగం విప్పినా నంబరు చీటీ కట్టి, ఎక్కడిదో రాసి, అప్పుడే పక్కన పెట్టండి. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పి రాయికి రాయి నంబరు వేసి, ఏళ్ల తర్వాత 2024లో మళ్లీ నిలబెట్టిన సంగతి మన వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. రేకు విషయంలోనూ అదే ఓపిక కావాలి.

రెండోది ప్రాణానికి సంబంధించింది. జెట్ ఫైటర్‌లో పైలట్ కూర్చునే సీటు కింద, పై అద్దం దగ్గర, ఆపదలో అతన్ని బయటికి ఎగరేయడానికి పేలుడు మందు ఉంటుంది. దాన్ని తీసేశామని విమానం ఇచ్చినవాళ్ల నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. అది చేతికి వచ్చేదాకా కాక్‌పిట్‌లోకి ఒక్కర్ని కూడా ఎక్కనివ్వద్దు. గ్యాస్ సీసాలు, నూనె పైపులు ఖాళీ చేశారా అనీ అడగండి. పాత విమానాల గడియారాల ముళ్లకు చీకట్లో మెరవడానికి రేడియం పూసేవారు. మెరుపు కొన్నేళ్లకే పోతుంది, రేడియం మాత్రం సగం తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. అందుకని మెరవడం లేదు కదా అని అద్దం ఊడదీయకండి.

మూడోది కడగడం. ఘాటు లేని తేలికపాటి సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. సర్వీసింగ్ సెంటర్లో బండి మీద కొట్టే జోరు నీళ్లు వద్దు. రివెట్ల సందుల్లోకి పోయిన తడి మళ్లీ బయటికి రాదు. సబ్బు కింది నుంచి పైకి పూసుకుంటూ వెళ్లండి, కడిగేటప్పుడు పై నుంచి కిందికి రండి. సబ్బునీళ్లు పొడి రేకు మీద జారితే చారలు పడతాయి.

ఇక తుప్పు. అల్యూమినియం ఎర్రగా తుప్పు పట్టదు, తెల్లటి పొడి రాలుతుంది. స్టీలు స్క్రూ అల్యూమినియం రేకును తాకే చోట, నీరు నిలిచే మూలల్లో ముందు వెతకండి. రేకు అంచు పొరలు పొరలుగా ఉబ్బితే అది లోలోపల తినేస్తున్నట్టు, నిపుణుల్ని పిలవాల్సిందే. పైపైన ఉన్న పొడిని నైలాన్ పీచుతో తీయవచ్చు. స్టీలు పీచు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి. దాని నలుసులు రేకులో గుచ్చుకుని, తడి తగలగానే ప్రతి నలుసు చుట్టూ కొత్త తుప్పు మొదలవుతుంది. పాలిష్ మిషన్ కూడా అంతే కీడు చేస్తుంది. చాలా విమానాల రేకుకు పైన స్వచ్ఛమైన అల్యూమినియం పూత ఉంటుంది, మందం షీటులో సుమారు ఐదు శాతం. అదే దాని కవచం. తళతళలాడించే సరదాలో మనం గీకేసేది ఆ కవచాన్నే.

రంగు దగ్గర నాకు నిజంగా బాధేస్తుంది. డెంటింగ్-పెయింటింగ్ షెడ్డు వాళ్లకు అప్పగించి, పాతదంతా గీకించి, నిగనిగలాడే ఎనామెల్ పూయించేస్తారు. దాంతో ఏ స్క్వాడ్రన్ గుర్తు ఉండేదో, దాని కింద ఇంకేం గుర్తు ఉండేదో శాశ్వతంగా పోతుంది. గీకే ముందు కనపడని చోట అరచేతి వెడల్పులో సన్న ఉప్పుకాగితాన్ని నీళ్లలో తడిపి మెల్లగా రుద్దండి. చెట్టు మొద్దు వలయాల్లా ఒక్కో రంగు పొర బయటపడుతుంది. అది ఫొటో తీసి, ఆ ముక్కను మళ్లీ పూయకుండా అలాగే ఉంచండి. అడుగున పసుపుపచ్చటి ప్రైమర్ కనిపిస్తే ఆపండి. అందులోని క్రోమేట్ ధూళి క్యాన్సర్ తెచ్చే రకం. మాస్కు లేకుండా, పొడిగా రుద్దకూడదు.

కాక్‌పిట్ మీది అద్దం గాజు కాదు, పెర్‌స్పెక్స్ అనే ప్లాస్టిక్. పెట్రోలు, థిన్నర్, ఇంట్లో అద్దాలు తుడిచే ద్రవం, ఏది తగిలినా సన్నటి పగుళ్లు పాకుతాయి. పొడి గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. ముందు నీళ్లతో దుమ్ము కరిగించి తర్వాత మెత్తటి నూలుగుడ్డ. మన మే నెల ఎండకు అది పసుపెక్కుతుంది కాబట్టి తెల్లటి కవరు కప్పండి, వానాకాలంలో మాత్రం లోపల గాలి ఆడేలా.

నిలబెట్టేటప్పుడు జాకీ స్టాండ్ల మీద ఎత్తి టైర్ల మీద బరువు పడకుండా చూడండి. ఇంజన్ నోటికీ తోకకూ జాలీ బిగించండి, లేకపోతే గోరింకలూ పావురాలూ ఆ ఏడాదే కాపురం పెడతాయి. వాటి రెట్ట రేకును తినేస్తుంది. పొట్ట కింద, రెక్కల కింద చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి, నీరు కారిపోవడానికి. రంగు వేసేవాళ్లు వాటిని పుట్టీతో పూడ్చేస్తారు. తొలకరి పడిన మర్నాడు ఒక్కో రంధ్రం కిందా చేయి పెట్టి చూడండి. చుక్క రాలని చోట సన్నటి నైలాన్ తీగతో తెరిచి, తేదీతో సహా రిజిస్టరులో రాసుకోండి.