స్లాబు ఇంట్లో వేసవి నిద్రకు మధ్యాహ్నం నుంచే చేసుకోవలసిన ఏర్పాట్లు

మే నెలలో ఒక రాత్రి పది గంటలకు, పై అంతస్తు పడకగదిలో పడమటి గోడకు అరచెయ్యి ఆనించి చూడండి. పొద్దు గుంకి మూడు గంటలు దాటినా ఆ గోడ ఇంకా జ్వరం వచ్చిన ఒంటిలాగే ఉంటుంది. నాలుగైదు అంగుళాల స్లాబుదీ అదే పరిస్థితి. పగలంతా పీల్చుకున్న వేడిని కాంక్రీటు కొన్ని గంటలు ఆలస్యంగా, సరిగ్గా మనం పడుకునే వేళకు గదిలోకి వదులుతుంది. పక్క వేసుకున్నాక ఫ్యాను వేగం పెంచితే సరిపోదని, వేసవి నిద్రకు పని మధ్యాహ్నమే మొదలుపెట్టాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

నిద్రకు సిద్ధమయ్యేటప్పుడు శరీరం తన లోపలి ఉష్ణోగ్రతను దాదాపు ఒక డిగ్రీ తగ్గించుకుంటుంది. ఆ వేడి ఎక్కువగా అరచేతుల, అరికాళ్ల చర్మం గుండా బయటికి పోతుంది. పసిపిల్లలకు నిద్ర ముంచుకొచ్చే ముందు చేతులూ కాళ్లూ వెచ్చబడేది అందుకే. గదిలోని గాలి చర్మమంత వేడిగా ఉన్నప్పుడు పోవలసిన వేడి పోదు. అప్పుడు నిద్ర ఆలస్యంగా పడుతుంది, పట్టినా గాఢనిద్ర తగ్గి మాటిమాటికీ మెలకువ వస్తుంది. కలలు వచ్చే దశలో చెమట పట్టించి తనను తాను చల్లబరుచుకునే శక్తి శరీరానికి తగ్గిపోతుంది, ఆ దశ ఎక్కువగా ఉండేది తెల్లవారుజామున. అందుచేత రాత్రి మొదటి సగం ఎలాగో గడిచినా, రోహిణీ కార్తెలో మూడు, నాలుగు గంటలకు లేచి కూర్చునేవారు మన ఇళ్లలో ఎందరో ఉంటారు.

ఉదయం ఎనిమిది దాటగానే తూర్పు కిటికీలు, మధ్యాహ్నం కాకముందే పడమటి కిటికీలు మూసివేయాలి. లోపల కట్టే పరదా కంటే బయట వేలాడదీసే వెదురు తడిక ఎంతో మేలు చేస్తుంది, ఎందుకంటే ఎండ అద్దాన్ని దాటి లోపలికి వచ్చాక పరదా దానిని వెనక్కి పంపలేదు. కప్పు విషయంలో అన్నిటికంటే చవకైన ఉపాయం, వేసవి ముదరకముందే, అంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో, డాబా మీద తెల్లసున్నం రెండు పూతలు వేయించడం. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రత్యేకంగా చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది కూడా ఈ సూత్రం మీదనే. నీటికి కరువు లేని చోట, ఎండ డాబా మీద నుంచి పూర్తిగా తప్పుకున్నాక నీళ్లు చల్లవచ్చు. మొదటి బకెట్టు పోసిన క్షణాల్లోనే ఆరిపోయి, తడిసిన సిమెంటు వాసన ఒక్కటే మిగులుతుంది. రెండోది, మూడోది పోశాక తడి నిలవడం మొదలైతే స్లాబు చల్లబడుతున్నదని గుర్తు. చీకటి పడి, బయటి గాలి లోపలి గాలి కంటే చల్లబడిందని తెలిశాకే ఎదురెదురు కిటికీలు తెరవాలి. గాలి సాగని గదిలో వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యానును గంటసేపు తిప్పితే వేడిగాలి బయటికి పోతుంది.

కూలరు విషయంలో మాత్రం ప్రాంతాన్ని చూసుకోవాలి. రాయలసీమలోనూ తెలంగాణలోనూ ఎండ పొడిగా ఉండే రోజుల్లో కూలరూ, కిటికీకి కట్టిన వట్టివేళ్ల తడికా అద్భుతంగా పనిచేస్తాయి. కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర పట్టణాల్లో గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కనుక కూలరు ఉక్కపోతను పెంచుతుందే తప్ప తగ్గించదు. అక్కడ చెమట ఆరేలా ఒంటికి గాలి తగలడమే ముఖ్యం. దోమతెర గాలిని చాలావరకు ఆపుతుంది కాబట్టి, తెర కట్టుకునేవారు సీలింగు ఫ్యానును నమ్ముకోకుండా స్టాండు ఫ్యానును తెరకు దగ్గరగా పెట్టుకోవాలి. ఏసీ ఉన్నవారు 18 డిగ్రీలకు దించవలసిన అవసరం లేదు. 26 దగ్గర ఉంచి ఫ్యానును నెమ్మదిగా తిప్పుకుంటే చాలామందికి సరిపోతుంది, కరెంటు బిల్లూ తగ్గుతుంది.

పడుకునే ముందు గంట, గంటన్నర వ్యవధి ఉంచి స్నానం చేయడం మంచిది. ఐసు వేసిన నీళ్లు వద్దు. చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే నిలిచిపోతుంది. మేడ మీద నల్ల ట్యాంకులోని నీళ్లు సాయంత్రానికి కాగిపోయి ఉంటాయి కనుక, పొద్దున్నే రెండు బకెట్లు పట్టి నీడలో ఉంచుకోండి. ఫోము పరుపు వీపు కింద వేడిని పట్టి ఉంచుతుంది. ఈ రెండు నెలలూ దానిని తీసిపెట్టి, కింది నుంచి కూడా గాలి ఆడే నులక మంచం మీదో నవారు మంచం మీదో పలుచని నూలు దుప్పటి పరుచుకుంటే తేడా మొదటి రాత్రే తెలుస్తుంది. ఇంట్లో వృద్ధులుంటే వారి పడకను కింది అంతస్తుకు మార్చండి. వారు మాట తడబడి, అయోమయంగా ఉండి, ఒళ్లు కాలిపోతుంటే తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోను చేయాలి.

ఇక వెలుతురు. హైదరాబాదులో జూన్ నెల పగలు దాదాపు 13 గంటల పది నిమిషాలు, డిసెంబరు పగలు 11 గంటలకు కాస్త పైన. లండనులో జూన్ పగలు పదహారున్నర గంటలు దాటుతుంది. ఆ దేశాల్లో ఉన్న మన పిల్లలకు వేసవిలో మందపాటి నల్ల పరదాలు తప్పనిసరి. మనకు కష్టం మరో రూపంలో వస్తుంది. చల్లబడేదాకా ఆగుదామని అర్ధరాత్రి వరకు ట్యూబులైటు కింద, ఫోను ముందు గడుపుతాము. నిద్రకు సంకేతమిచ్చే మెలటోనిన్ ఆ వెలుతురుకు వెనకబడుతుంది. ఆరుబయట పడుకున్నవారిని అయిదున్నరకే తెల్లవారు వెలుగు లేపుతుంది. ఇలా రాత్రి రెండు కొసలా తరుగుతుంది. తొమ్మిది దాటాక పసుపు రంగు చిన్న బల్బుకు మారి, మేడ మీద పడుకునేటప్పుడు కళ్ల మీద నల్లని నూలు గుడ్డ కప్పుకోండి. తగ్గిన నిద్రను మధ్యాహ్నం మూడు లోపల అరగంట కునుకుతో కొంత పూడ్చుకోవచ్చు.

వానాకాలంలో మబ్బు వల్ల పొద్దున మత్తు వదలకపోతే గదిలో కూర్చోకుండా వరండాలోకి వెళ్లండి, మబ్బు పట్టిన ఆకాశం కూడా ఇంటి దీపాల కంటే ఎన్నో రెట్లు వెలుగునిస్తుంది. చలికాలంలో పాదాలు చల్లబడి నిద్ర పట్టనివారు మేజోళ్లు వేసుకుంటే చాలు. ఆదిలాబాదు, అరకు వైపు చలికి కుంపటి పెట్టుకునే ఇళ్లలో మాత్రం తలుపులు మూసి పడుకునే ముందు దానిని తప్పక ఇంటి బయట పెట్టాలి. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలో ఉన్నవారికి అది తెలియదు.